స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, వెబ్ సర్వర్లు

ఎవరైనా నడుపుకొని, చదివి, మార్చి, పంచుకోగల ప్రోగ్రాములే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి మొదలు. 1998లో వచ్చిన ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరు హక్కుల మాట తగ్గించి పని సౌలభ్యానికి పెద్దపీట వేసింది.

లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పాత కంప్యూటర్‌లో అపాచీ (1995) లేదా ఇంజిన్‌ఎక్స్ (2004) అనే సర్వర్ ప్రోగ్రాము ఎక్కిస్తే అది వెబ్ సర్వర్ అవుతుంది. వెబ్ రాకపోకల కోసం 80, 443 పోర్టులు తెరవాలి. సైటు కనెక్షన్‌ను భద్రపరిచే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ధ్రువపత్రం ఉచితం. హక్కులా, సౌలభ్యమా అన్న ఆదర్శాల తగవు వచ్చేది సర్వర్ దగ్గరే. గ్నూ ప్రాజెక్టు లైసెన్సు అయిన జీపీఎల్ ప్రకారం ప్రోగ్రాము ప్రతిని ఇతరులకు ఇచ్చినప్పుడే సోర్స్ కోడ్ ఇవ్వాలి. సర్వర్ ప్రతిని ఇవ్వదు, సేవ మాత్రమే చేస్తుంది. కాబట్టి సంస్థలు కోడ్‌ను మార్చుకొని తమ దగ్గరే దాచుకోగలవు. ఈ కంత పూడ్చడానికే, నెట్‌వర్క్ ద్వారా వాడేవారికీ మార్చిన సోర్స్ కోడ్ ఇవ్వాలనే ఏజీపీఎల్ లైసెన్సు మూడో కూర్పు 2007లో వచ్చింది. అపాచీ లైసెన్సులో ఆ షరతు లేదు. ప్రజాధనంతో నడిచే సర్వర్లకు ఏజీపీఎల్ దారే న్యాయమైనది.

తెలుగునాట ‘స్వేచ్ఛ’ సంస్థ గ్నూ/లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేపట్టింది. చదువుకునేవారికీ ఈ సాఫ్ట్‌వేర్ ఉపయోగమే. నూజివీడులో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ, పదో తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను ఆరేళ్ల చదువుకు చేర్చుకుంటుంది. అక్కడి పిల్లలు లైసెన్సు రుసుము కట్టకుండానే ఈ కోడ్ అంతా తెరిచి చదవవచ్చు.