నగరము నడుమ గిండీ వనము

నగరము పెరిగినకొలది అడవి తరుగుట సహజమని మనము భావించుచుందుము. ఆ తరుగుదలకు దురాశయే కారణమనియు తలంతుము. చెన్నై నగరములోని గిండీ వనచరిత్రమును పరిశీలించినచో, ఈ రెండవ మాట పూర్తిగా నిజము కాదని తెలియగలదు. 1953 అక్టోబరు 1వ తేదీ వరకు మదరాసు మన ఆంధ్ర జిల్లాలకును రాజధానియే గనుక, ఈ చరిత్రము మనకు పరాయిది కాదు.

చోళమండల తీరమున ఒకప్పుడు విస్తరించియుండిన శుష్క సతతహరితారణ్యములో మిగిలిన చిన్న ముక్క గిండీ. 1670 దశకమున మదరాసు గవర్నరు విలియం లాంగ్‌హార్న్ ఈ అడవిలో కొంతభాగమును తోటగా మార్చి, అందొక విడిదిగృహమును కట్టించెను. మిగిలిన అడవి పరుల సొత్తుగా నుండగా, 1821లో ప్రభుత్వము దానిని 35,000 రూపాయలకు కొనెను. 1910లో 505 హెక్టార్ల మేర రిజర్వు అడవిగా నిర్ణయింపబడెను. నాటి పాలకుల దృష్టిలో ఇది ముందుగా గవర్నరు విడిదికి ఆవరణము. మృగసంరక్షణమను నేటి భావన అప్పటికి బలపడలేదు. ఐనను ఆ అధికారపు నీడలో అడవి నిలిచినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప జరిగిన కథయే మనము ముఖ్యముగా గమనింపదగినది. 1958లో వనభాగమొకటి కేంద్ర విద్యాశాఖకు సంక్రమించెను. మరుసటి సంవత్సరమున మదరాసు ఐ.ఐ.టి. వెలసెను. అదే 1958లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రోద్బలమున, జింకల వనమునకును బాలల ఉద్యానమునకును మరియొక భాగము అటవీశాఖ వశమాయెను. 1961 మొదలు 1977 వరకు రమారమి 172 హెక్టార్లు విద్యాసంస్థలకు, స్మారకములకు పోయినవి. రాజాజీ, కామరాజుల స్మారకములు ఆ నేలపై నిలిచినవే. వీనిలో ఏది చెడ్డపని? చదువు వలదనగలమా? పెద్దలను స్మరింపవలదనగలమా? అడవి మాత్రము ఒక్కొక్క మంచిపనికి ఒక్కొక్క ముక్కగా కరగిపోయెను.

1978లో, మిగిలిన సుమారు 270 హెక్టార్లను జాతీయోద్యానముగా ప్రకటించిరి. 1980 దశకము చివర, గవర్నరు నివాసమునకును ఐ.ఐ.టి.కిని ఈ వనమునకును నడుమ గోడలు లేచినవి. గోడ హద్దును నిలిపినది గాని, అడవి బ్రతుకును నిలుపుట గోడకు సాధ్యమగు పని కాదు.

ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రమృగమైన కృష్ణజింక ఈ వనమునను కలదు. అది బయలును కోరును. శత్రువును దూరమునుండియే చూచి పరుగెత్తి ప్రాణము దక్కించుకొనుట దాని నైజము. చుక్కలదుప్పి పొదల నీడను కోరును. సర్కారు తుమ్మ అల్లుకొని, నాటిన చెట్లు ఎదిగి, గడ్డిబయళ్లు కుదించుకొనగా కృష్ణజింకకు చోటు తగ్గినది. చెట్టు నాటుట ఎల్లెడల పుణ్యమని నమ్మిన మనకు ఇది వింతగా తోచవచ్చును. గోడల నడుమనున్న మృగము కరువు వచ్చినను వేరొక చోటికి వలసపోజాలదు. దుప్పుల సంఖ్యను అదుపుచేయుటకు పులి గాని చిరుత గాని అచట లేదు. కావున ప్రకృతి చేయు పనిలో కొంత మనుష్యుడే తలకెత్తుకొనవలసివచ్చినది: తుమ్మను పెకలించుట, గడ్డిని కాపాడుట, వేసవిలో నీరు నింపుట, మృగములను లెక్కించుట. నరికిన తుమ్మమోడు మరల చిగురించును గనుక, ఈ పని ఒక ఏడాదితో ముగియునది కాదు. ఒక అధికారి కాలముతో తీరునదియు కాదు.

ఇట్టి బాధ్యతయే మన హైదరాబాదునకును కలదు. కాసు బ్రహ్మానందరెడ్డి పేరిట నున్న వనము 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడెను. దాని చుట్టును నగరమే. 2016లో దాని అంచున రహదారుల నిర్మాణమునకై చెట్లు కొట్టు ప్రతిపాదన రాగా, పౌరులు అభ్యంతరము తెలిపిరి. రహదారియు ఒక మంచిపనియే. కావుననే గిండీ చరిత్రము ఇచట పనికివచ్చును. అడవిని అడుగవచ్చిన ప్రతి కోరికను దాని మంచిచెడ్డలతో మాత్రమే తూచిన చాలదు. అడవి అంతకుముందు ఎన్ని కోరికలు తీర్చినదో, ఇక ఎంత మిగిలినదో గూడ ఆ తక్కెడలో పెట్టవలెను. 505 హెక్టార్లను 270 చేయుదమని గిండీలో ఎవరును ఏనాడును తీర్మానింపలేదు. ప్రతివారును తమకు కావలసిన ముక్కను మాత్రమే చూచిరి. మొత్తము లెక్కను చూచువారు లేకపోయిరి.