ఐసెట్, క్యాట్ మళ్లీ రాయాలా? ఎన్నిసార్లు రాయొచ్చు, పాత ర్యాంకు పనికొస్తుందా?

ఎంబీఏ ప్రవేశ పరీక్ష రాశారు. అనుకున్న ర్యాంకు రాలేదు. వచ్చిన సీటులో చేరిపోవాలా, ఇంకో ఏడాది ఆగి మళ్లీ రాయాలా? తుర్కయంజాల్, ఇంజాపూర్, బీఎన్ రెడ్డి నగర్ వైపు నుంచి ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు తిరిగే డిగ్రీ విద్యార్థుల ఇళ్లలో ఐసెట్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి కౌన్సెలింగ్ దాకా నడిచే చర్చ ఇదే. ఇంట్లోవాళ్లు ‘ఇంకోసారా?’ అంటారు. కోచింగ్ వాళ్లు ‘ఇంకోసారి రాస్తే వచ్చేస్తుంది’ అంటారు. మరి నిబంధనలు ఏమంటున్నాయి?

ఎన్నిసార్లయినా రాయొచ్చు, కానీ...

తెలంగాణ ఐసెట్‌కు ప్రయత్నాల పరిమితి లేదు, గరిష్ఠ వయోపరిమితి కూడా లేదు. డిగ్రీలో జనరల్ అభ్యర్థులకు 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 45 శాతం మార్కులు ఉంటే చాలు. దరఖాస్తు ఫీజు 2025లో రూ.750, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు రూ.550. ఐఐఎంలు నిర్వహించే క్యాట్‌కూ ఇన్నిసార్లే రాయాలన్న లెక్క లేదు. దాని ఫీజు 2025లో రూ.2,600, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు రూ.1,300.

అసలు చిక్కు ర్యాంకు గడువుతో వస్తుంది. ఐసెట్ ర్యాంకు ఆ విద్యా సంవత్సరానికే చెల్లుతుంది. ఈ ఏడాది 5 వేల ర్యాంకు వచ్చినా కౌన్సెలింగ్‌కు వెళ్లకపోతే వచ్చే ఏడాది దానికి విలువ లేదు. మళ్లీ రాసినప్పుడు 12 వేలు వస్తే ‘పాతది చూడండి’ అనడానికి కుదరదు. క్యాట్ స్కోరూ అంతే, ఆ ఏటి ప్రవేశాలకే. అంటే మళ్లీ రాయాలనుకునేవారు చేతిలో ఉన్న ర్యాంకును వదులుకుని బరిలోకి దిగుతున్నట్టే.

జీమ్యాట్ దారి వేరు. ఆ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. రెండు ప్రయత్నాల మధ్య కనీసం 16 రోజుల విరామం ఉండాలి, 12 నెలల్లో ఐదుసార్లకు మించి రాయకూడదు. గచ్చిబౌలిలోని ఐఎస్‌బీ లాంటి చోట్ల ఇది పనికొస్తుంది. అయితే ఫీజు రూ.20 వేలు దాటుతుంది, ఐఎస్‌బీ ప్రధాన కోర్సుకు రెండేళ్ల ఉద్యోగానుభవం కూడా అడుగుతారు. డిగ్రీ పూర్తయిన ఏడాదే దీని జోలికి పోవాల్సిన పని చాలామందికి ఉండదు.

‘క్వాలిఫై’ అయితే సరిపోదు

ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ప్రశ్నకు 45 సెకన్లు. అనలిటికల్ ఎబిలిటీకి 75, మ్యాథమెటికల్ ఎబిలిటీకి 75, కమ్యూనికేషన్ ఎబిలిటీకి 50 మార్కులు. నెగెటివ్ మార్కులు లేవు. అర్హత మార్కులు 25 శాతం, అంటే 50. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. ప్రతి ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు. ప్రశ్న చదవకుండా 200 పెట్టేసినా సగటున నాలుగో వంతు, అంటే 50 తగలాలి. అర్హత గీత సరిగ్గా అక్కడే ఉంది! 2024, 2025ల్లో హాజరైనవారిలో 90 శాతానికి పైగా అర్హత సాధించారంటే ఆశ్చర్యం లేదు. కాబట్టి ‘నేను ఐసెట్ క్వాలిఫై అయ్యాను’ అన్న మాటతో ఏమీ తేలదు. మీరు కోరుకునే కాలేజీలో, మీ కేటగిరీలో కిందటేడాది చివరి సీటు ఏ ర్యాంకుకు వెళ్లిందో చూడాలి. కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో ఆ చివరి ర్యాంకుల పట్టిక పెడతారు. మళ్లీ రాయాలా వద్దా అన్న నిర్ణయం ఆ పట్టిక తెరిచాకే తీసుకోవాలి, బంధువుల మాట విని కాదు.

మధ్య ర్యాంకుల్లో జనం కిక్కిరిసి ఉంటారు. అక్కడ నాలుగైదు మార్కులు పెరిగినా ర్యాంకు గట్టిగా ముందుకు జరుగుతుంది. సమానంగా మార్కులు వచ్చినప్పుడు ముందు అనలిటికల్, తర్వాత మ్యాథ్స్ మార్కులు చూస్తారు. బీకాం, బీఏ నుంచి వచ్చి, లెక్కలంటే భయపడి ఇంగ్లిష్‌నే నమ్ముకున్నవారు రెండోసారీ అక్కడే ఆగిపోవడానికి కారణం ఈ అమరికలోనే ఉంది. 50 మార్కుల విభాగంలో ఎంత మెరుగైనా 150 మార్కుల లోటు పూడదు.

క్యాట్‌లో రెండోసారి మారనివి

క్యాట్ 2024లో 68 ప్రశ్నలు, మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒక విభాగంలో మిగిలిన సమయాన్ని ఇంకోదానికి వాడుకోలేరు. ఆప్షన్లున్న ప్రశ్నకు తప్పు రాస్తే ఒక మార్కు కోత. ఐసెట్‌లో ఏదీ వదలకూడదు, క్యాట్‌లో వదలడం నేర్చుకోవాలి. రెంటికీ ఒకే కోచింగ్‌లో ఒకే అలవాటుతో వెళ్లినవాళ్లు రెంటిలోనూ దెబ్బతింటారు.

పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు, మీ వెనుక ఎంత శాతం మంది ఉన్నారన్న లెక్క. క్యాట్ 2024 రాసినవారు 2.93 లక్షల మంది, అంటే ఒక్క పర్సంటైల్‌లో దాదాపు 2,900 మంది. పైగా ఐఐఎంలు మొత్తంతో పాటు ఒక్కో విభాగానికీ కటాఫ్ పెడతాయి.

చాలామందికి ఆలస్యంగా తెలిసే సంగతి ఇంకొకటి ఉంది. ఇంటర్వ్యూ పిలుపులకు, తుది ఎంపికకు చాలా ఐఐఎంలు పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులను కూడా కలుపుతాయి. ఎన్నిసార్లు క్యాట్ రాసినా అవి మారవు. ఇంటర్‌లో మార్కులు బాగా తగ్గినవారు పరీక్ష మళ్లీ రాసేముందు, తాము కోరుకునే సంస్థ ఆ మార్కులకు ఎంత వెయిటేజీ ఇస్తోందో దాని ప్రవేశ విధానంలో చదవాలి. క్యాట్ ఐఐఎంలకే పరిమితం కాదు కూడా. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంబీఏ సీట్లు క్యాట్ స్కోరు ఆధారంగానే ఇస్తుంది. ఉస్మానియా క్యాంపస్ ఎంబీఏకు మాత్రం ఐసెట్ రాయాల్సిందే.

ఏడాదంతా ఖాళీగా కూర్చోవాలా?

ఎంసెట్, నీట్ పుణ్యమా అని ‘లాంగ్ టర్మ్’ అనే మాట మన ఇళ్లలో పాతుకుపోయింది. ఎంబీఏ పరీక్షలకు ఆ పద్ధతి అక్కర్లేదన్నది మా అభిప్రాయం. ఇందులో సిలబస్ తక్కువ, సాధన ఎక్కువ. రోజుకు రెండు మూడు గంటలు, వారానికో మాక్ టెస్ట్ చొప్పున ఉద్యోగం చేస్తూ కూడా నడపొచ్చు. ఖాళీ ఏడాది గురించి ఐసెట్‌లో అడిగేవారు లేరు, ఇంటర్వ్యూ లేదు కాబట్టి. ఐఐఎం ఇంటర్వ్యూలో మాత్రం ఆ ఏడాది ఏం చేశారన్న ప్రశ్నకు జవాబు ఉండాలి.

క్యాలెండర్ కూడా అనుకూలమే. ఐసెట్ సాధారణంగా మే, జూన్‌లలో. క్యాట్ నవంబరు చివర్లో. డిసెంబరులో స్నాప్, జనవరిలో ఎక్స్‌ఏటీ, ఏడాదికి నాలుగు విడతల్లో మ్యాట్. స్నాప్‌ను ఒకే సీజన్‌లో మూడుసార్ల వరకు రాసి మంచి స్కోరు వాడుకోవచ్చు. అలాగని అన్నీ రాసేయమని కాదు, ఫీజులే తడిసి మోపెడవుతాయి.

ఖర్చులో కోచింగ్ ఫీజు కంటే దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ అద్దె పెద్దది. తుర్కయంజాల్ నుంచి సాగర్ రోడ్డు మీదుగా రోజూ రాగలిగితే అది మిగులుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద అమ్మాయిలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. రెండోసారి రాసేవారికి మొత్తం క్లాసులు మళ్లీ వినడం కంటే మాక్ టెస్టులే ముఖ్యం.

అంతకంటే ముందు ఒక పని. పరీక్ష తర్వాత వెబ్‌సైట్‌లో పెట్టే రెస్పాన్స్ షీట్‌ను, కీని డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. కొన్నాళ్లకు ఆ లింకు ఉండదు. తెలిసీ తప్పు చేసినవి, అసలు రానివి, సమయం చాలక చేరుకోనివి విడదీస్తే మీకు కావాల్సింది పాఠాలా, వేగమా తేలిపోతుంది. ఎక్కువ భాగం మూడో రకానివే అయితే మళ్లీ రాయడానికి అది గట్టి కారణం.

ఫీజు రీయింబర్స్‌మెంట్, సర్టిఫికెట్లు

కన్వీనర్ కోటాలో సీటు వస్తేనే ఫీజు రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్లకు రాదు. ‘కౌన్సెలింగ్ వదిలేయ్, స్పాట్‌లో చూద్దాం’ అనే సలహా వినేముందు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. బీసీ, ఈబీసీలకు కుటుంబ ఆదాయ పరిమితి గ్రామాల్లో రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు. తుర్కయంజాల్ ఇప్పుడు పంచాయతీ కాదు, పట్టణ ప్రాంతం కాబట్టి పట్టణ పరిమితే వర్తిస్తుంది. ఒకసారి పీజీ పూర్తిచేసినవారికి అదే స్థాయిలో మరో కోర్సుకు ఈ సాయం అందదు.

రెండోసారి రాసేవారు కిందటేటి ఆదాయ, ఈడబ్ల్యూఎస్ పత్రాలతో వెళ్లి ఇబ్బంది పడుతుంటారు. ఈ రెండూ కొత్తవి కావాలి. మీసేవలో దరఖాస్తు చేస్తే తుర్కయంజాల్ వారివి అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దార్ దగ్గరికి వెళ్తాయి. క్యాట్‌కు బీసీ విద్యార్థులు రాష్ట్ర కుల పత్రం ఇస్తే చాలదు, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం ఉండాలి. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు, ముందే చూసుకోండి.

చేరి, మానేసి, మళ్లీ రాస్తే?

చేరి చదువుతూ రాయడానికి అడ్డు లేదు. చిక్కల్లా బయటికి రావడంలోనే. ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం కోర్సు మొదలయ్యేలోపు మానుకుంటే ప్రాసెసింగ్ కింద రూ.1,000కి మించకుండా పట్టుకుని మిగతా ఫీజు తిరిగి ఇవ్వాలి. ఆ తర్వాత మానేస్తే కట్టిన ఫీజు పోవచ్చు, కానీ మిగిలిన ఏడాది ఫీజు కూడా కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామనే హక్కు కాలేజీకి లేదు. ఒరిజినల్స్ ఏడు రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకుని, ఏఐసీటీఈ ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయవచ్చు.

కౌన్సెలింగ్‌లోనూ ఒక మెలిక ఉంది. మొదటి విడతలో వచ్చిన సీటు ఉంచుకుని, తుది విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. కాబట్టి ఉన్నదానికంటే నిజంగా మెరుగైన కాలేజీలకే తుది విడతలో ఆప్షన్ పెట్టండి.