కొండ, ఎడారి, తీరము: వాతావరణ సూచనల చరిత్ర

సికింద్రాబాదునకు ఈశాన్యమున నున్న సైనిక్‌పురి దక్కను పీఠభూమిపై, సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైని ఎత్తున నున్నది. బంగాళాఖాత తీరము అచ్చటికి సుమారు 300 కిలోమీటర్ల దూరము. రాజస్థాను ఎడారియు, హిమాలయములును అంతకు ఎన్నియో రెట్లు దూరము. అయినను వేసవిలో అచ్చట వీచు వడగాలి వాయవ్యదిశనుండి వచ్చును. అక్టోబరులో కురియు కుంభవృష్టికి తరచుగా బంగాళాఖాతములోని వాయుగుండమే కారణము. జూను మాసమున వచ్చు నైరృతి ఋతుపవనముల బలము, ఉత్తరమున భూమి ఎంత వేడెక్కినదను దానిపై కొంతవరకు ఆధారపడును. ఒక ఊరి వాతావరణమును ముందుగా చెప్పవలెనన్న ఆ ఊరి ఆకాశమును చూచిన చాలదు. ఇది నేడు పాఠశాల విద్యార్థులకును తెలిసిన విషయమే. కాని దీనిని గ్రహించుటకు మన దేశమునకు చిరకాలము పట్టెను. ఆలోగా అసంఖ్యాకములైన ప్రాణములు పోయెను.

తీరము నేర్పిన పాఠము

గోదావరీ ముఖమున నున్న కోరంగి ఒకప్పుడు పేరొందిన ఓడరేవు. దానిని 1789లోను, మరల 1839లోను తుఫానులు ధ్వంసము చేసెను. కలకత్తాలో నౌకా న్యాయస్థానాధ్యక్షుడుగా నుండిన హెన్రీ పిడింగ్టన్, ఓడల దినచర్య పుస్తకములను సేకరించి ఇట్టి గాలివానలను పరిశీలించెను. ఈ గాలులు తిన్నగా వీచునవి కావనియు, ఒక కేంద్రము చుట్టును తిరుగుచుండుననియు చెప్పు సిద్ధాంతమును ఆయన బలపరచెను. పాముచుట్టను సూచించు గ్రీకుమాట ననుసరించి 1848లో వానికి ‘సైక్లోను’ అను పేరు పెట్టినదియు ఆయనయే.

పేరు దొరకినంతమాత్రమున రక్షణ దొరకలేదు. 1864 అక్టోబరు 5న కలకత్తాను తాకిన తుఫానులో 50,000 మందికి పైగా మరణించిరి. నెలయైన తిరుగకముందే, నవంబరు 1న, మచిలీపట్టణముపై ఉప్పెన వచ్చిపడెను. అందు మృతులు సుమారు 30,000.

ఉప్పెన ఎట్లు పుట్టును? తుఫాను కేంద్రమున వాయుపీడనము తగ్గుటచే సముద్రజలము కొంత పైకి లేచును. పీడనము ఒక మిల్లీబారు తగ్గినచో నీరు సుమారు ఒక సెంటీమీటరు లేచును. కావున ఎంత తీవ్రమైన తుఫానులోనైనను ఈ కారణమున లేచు నీరు ఒక మీటరునకు అటునిటుగానే యుండును. మిగిలిన యెత్తంతయు గాలి చేయు పని. తీరమువైపు వీచు ప్రచండవాయువు నీటిని నెట్టుకొనివచ్చును. తీరమున సముద్రము లోతు తక్కువయైనచో ఆ నీటికి పోవుదారి లేక, ఎత్తుగా పెరిగి నేలమీదికి పొర్లును. కృష్ణా డెల్టావంటి పల్లపు నేలలో దానిని ఆపునదేదియు లేదు.

తుఫాను గంటకు పది, ఇరువది కిలోమీటర్ల వేగమున కదలును. తంతివార్తయో, క్షణములలో చేరును. ఈ రెంటి వేగములకు గల భేదమే తుఫాను హెచ్చరికకు పునాది. 1865లో కలకత్తా రేవునకు హెచ్చరికలు చేయు పద్ధతి ఏర్పడెను. పదియేండ్లకు, 1875లో, భారత వాతావరణ శాఖ స్థాపింపబడెను.

కొండలలో వెదకిన సూచన

ఆ శాఖకు మొదటి అధికారి హెచ్. ఎఫ్. బ్లాన్‌ఫోర్డు. ఆయన పదవి చేపట్టిన మరుసటి సంవత్సరమే వానలు వెనుదీసెను. 1876-78 సంవత్సరముల కరవు మద్రాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతములలో లక్షలకొలది జనమును పొట్టనబెట్టుకొనెను. తుఫానును రెండుదినములు ముందుగా చెప్పిన చాలును. కరవును చెప్పుటకు నెలలు ముందు కావలెను. అంత ముందుగా కనబడు చిహ్నమేది?

బ్లాన్‌ఫోర్డు ఆ చిహ్నమును హిమాలయములలో వెదకెను. తెల్లని మంచు సూర్యరశ్మిని వెనుకకు పంపును. మిగిలిన వేడిలో చాల భాగము మంచు కరగుటకే ఖర్చగును. శీతకాలమున, వసంతమున మంచు మిక్కుటముగా పడినచో భూమి ఆలస్యముగా వేడెక్కును, ఋతుపవనములు బలహీనపడును. ఈ సంబంధమును గూర్చి ఆయన 1884లో రాయల్ సొసైటీకి ఒక వ్యాసము సమర్పించెను. 1882 మొదలు 1885 వరకు ప్రయోగాత్మకముగా సూచనలు చేసి, 1886 జూను 4న మొదటి క్రమబద్ధమైన ఋతుపవన సూచనను వెలువరించెను.

ఆయన తరువాత వచ్చిన జాన్ ఏలియట్, హిందూమహాసముద్రమునకు దక్షిణమున వీచు గాలుల వివరములను గూడ లెక్కలోనికి తెచ్చెను. అయినను 1899లో సూచన తప్పెను. వానలు కురియక ఘోరమైన కరవు వచ్చెను. కొండమీది మంచు కథలో ఒక భాగమే కాని, కథయంతయు కాదు.

ఎడారి చేయు పని

మే నెలలో రాజస్థాను, సింధు ప్రాంతములలోని ఇసుకనేలలు అత్యధికముగా వేడెక్కును. వాని మీది గాలి తేలికయై పైకి లేచును; అచ్చట విస్తారమైన అల్పపీడనము ఏర్పడును. సముద్రముమీది తేమగాలిని దేశములోనికి లాగు శక్తులలో ఇది యొకటి. చినుకు పడని ఎడారి మన పొలములకు వాన తెచ్చుటలో తోడ్పడుచున్నదనుట వింతగా తోచినను నిజము.

ఎడారికి రెండవ ముఖమును కలదు. వాయవ్యమునుండి పొడిగాలులు తెలంగాణమును దాటి కోస్తాపై గట్టిగా వీచినపుడు సముద్రపుగాలి లోనికి రాజాలదు. అప్పుడు తీరమునందలి ఊళ్లుకూడ కొలిమివలె మండును. 2015 మే నెలలో వడగాలులవలన దేశమున 2,000 మందికి పైగా మరణింపగా, వారిలో అధికసంఖ్యాకులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే.

కొండను, ఎడారిని, కడలిని ఒక్క లెక్కలో చేర్చుటకు పూనుకొన్నవాడు గిల్బర్టు వాకర్. కేంబ్రిడ్జిలో గణితము చదివిన ఈయన 1904 మొదలు 1924 వరకు వాతావరణ శాఖకు అధిపతిగా నుండెను. ప్రపంచమందలి అనేక స్థానముల పీడన, వర్షపాత వివరములను పోల్చి, పసిఫిక్, హిందూ మహాసముద్రములపై వాయుపీడనము తూగుటుయ్యాలవలె ఒకచోట పెరిగిన మరియొకచోట తగ్గుచుండునని కనుగొనెను. ఇదే ‘దక్షిణ డోలనము’. నేడు తరచుగా వినబడు ‘ఎల్ నినో’ దీనితో ముడివడినదే. దేశమంతటికిని ఒకే సూచన యిచ్చుట తగదని, ద్వీపకల్పమునకు, వాయవ్యమునకు, ఈశాన్యమునకు వేర్వేరు లెక్కలు కట్టినదియు వాకరే. నేడు దేశము 36 వాతావరణ ఉపవిభాగములుగా నున్నది. తెలుగునేలలో కోస్తాంధ్ర, రాయలసీమ, తెలంగాణ వేర్వేరు ఉపవిభాగములు.

సూచన ఇంటికి చేరుట

విభాగములు వేరైనను గాలికి సరిహద్దులు లేవు. 1908 సెప్టెంబరులో బంగాళాఖాతమునుండి లోనికి వచ్చిన తుఫాను హైదరాబాదు ప్రాంతముపై విరుచుకుపడెను. షంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసెను. సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరములో వేలకొలది ప్రజలను బలిగొనెను. తీరమున పుట్టిన ఆపద పీఠభూమికిని వచ్చునని ఆనాడు తేటపడెను. విశ్వేశ్వరయ్య సలహాపై ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములు వెలసినది ఆ తరువాతనే.

1970లో విశాఖపట్టణమున దేశములోనే మొదటి తుఫాను గుర్తింపు రాడారు నెలకొల్పబడెను. అయినను 1977 నవంబరు 19న దివిసీమపై వచ్చిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించిరి. తుఫాను వచ్చుచున్నదని శాస్త్రజ్ఞులకు ముందే తెలియును. కాని ఆ సంగతి మారుమూల పల్లెకు వేళకు చేరి, జనమును మెరకకు తరలించు ఏర్పాటు చాలలేదు. తరువాత ఉపగ్రహము ద్వారా తీరగ్రామములకు నేరుగా హెచ్చరికలు పంపు సాధనములు వచ్చెను; తుఫాను ఆశ్రయములు కట్టబడెను. 1990 మే నెలలో అంతటి తీవ్రమైన తుఫానే కృష్ణా తీరమును తాకినపుడు ఆరులక్షలకు పైగా జనమును ముందుగా తరలించిరి. మృతులు వేయికి లోపే. ఈ రెండు సంఖ్యల నడుమ నున్న భేదము హెచ్చరిక ఇంటికి చేరుటవలన కలిగిన ఫలము.

ఆ హెచ్చరికను చదువ నేర్చుట కష్టము కాదు. వాతావరణ శాఖ ప్రకటనలలో ‘భారీ వర్షము’ అనగా 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 వరకు; ‘అతి భారీ’ అనగా 204.4 వరకు, ‘అత్యంత భారీ’ అనగా అంతకు మించినది. పసుపురంగు గమనించుచుండుడనియు, నారింజరంగు సిద్ధముగా నుండుడనియు, ఎరుపురంగు వెంటనే తగుచర్య తీసికొనుడనియు తెలుపును. ఈ నాలుగు మాటలు తరగతిలో నేర్చిన విద్యార్థి, వాయుగుండము లేచిననాడు తన యింటివారికి ప్రకటన చదివి అర్థము చెప్పగలడు.