లినక్సులో గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ల స్థాపన

లినక్సులో గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు అనగా తెరపై అక్షరాలను, బొమ్మలను చూపే గ్రాఫిక్స్ కార్డుకు, నిర్వాహక వ్యవస్థకు మధ్య అనుసంధానంగా పనిచేసే సాఫ్టువేరు. విండోస్‌లో తయారీదారు వెబ్‌సైటు నుండి డ్రైవరును దింపుకొని స్థాపించుట వాడుక. లినక్సులో పద్ధతి వేరు. ఇందులో చాలా డ్రైవర్లు కెర్నెల్‌తో పాటే వస్తాయి. విడిగా కావలసినవి సాధారణంగా లినక్సు పంపిణీ యొక్క ప్యాకేజీల భాండారంలో లభిస్తాయి. ఈ తేడా తెలియకపోవుటయే కొత్తవారి ఇబ్బందులు అనేకానికి మూలం.

నిర్మాణం

ఈ డ్రైవరులో ప్రధానంగా రెండు భాగాలు కలవు. మొదటిది కెర్నెల్ మాడ్యూలు. ఇది కార్డు యొక్క మెమొరీని, తెర రిజల్యూషన్‌ను, విద్యుత్ వినియోగాన్ని అదుపు చేస్తుంది. రెండవది ఓపెన్‌జీఎల్, వల్కన్ ఆదేశాలను కార్డుకు అర్థమయ్యే రూపంలోకి మార్చే లైబ్రరీ. స్వేచ్ఛా డ్రైవర్లకు ఈ లైబ్రరీ మీసా. దీనిని 1993లో బ్రయాన్ పాల్ ప్రారంభించాడు.

తగిన డ్రైవరు లేనపుడు మీసా ఈ పనిని కంప్యూటరు ప్రాసెసరు చేతనే చేయిస్తుంది. అపుడు తెర కనిపించును గాని వీడియోలు తడబడతాయి, యంత్రం వేడెక్కుతుంది. కావున తెర వెలిగినంత మాత్రాన డ్రైవరు సరిగా ఉన్నదని భావించరాదు.

తయారీదారులను బట్టి తేడాలు

* ఇంటెల్: డ్రైవర్లు కెర్నెల్‌లోనే కలవు. సాధారణంగా వాడుకరి చేయవలసినదేమీ లేదు.
* ఏఎమ్‌డీ: ఈ సంస్థ 2006లో ఏటీఐని కొనుగోలు చేసి, 2007 నుండి తన కార్డుల సాంకేతిక వివరాలను వెల్లడించసాగింది. 2015లో వెలువడిన కెర్నెల్ 4.2లో ఏఎమ్‌డీజీపీయూ అనే స్వేచ్ఛా డ్రైవరు చేరింది. సాధారణ వాడుకకు ఇది చాలును.
* ఎన్విడియా: ఈ సంస్థ డ్రైవరు మూలసంకేతం చాలా కాలం గోప్యంగా ఉండెను. స్వచ్ఛంద నిపుణులు కార్డుల పనితీరును పరిశీలించి నోవో అనే డ్రైవరును రూపొందించారు. ఇది 2010లో కెర్నెల్ 2.6.33లో చేరింది. 2012లో లినస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయ సభలో ఎన్విడియా వైఖరిని తీవ్రంగా విమర్శించాడు. 2022 మే నెలలో ఎన్విడియా, ట్యూరింగ్ తరము మొదలుకొని వచ్చిన కార్డులకు కెర్నెల్ మాడ్యూలు మూలసంకేతాన్ని విడుదల చేసింది. సంస్థ అందించే లైబ్రరీలు మాత్రం గోప్యంగానే ఉన్నవి.

స్థాపన విధానం

మొదట కార్డు ఏదో తెలుసుకొనవలెను. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ అనే ఆదేశమిచ్చిన యంత్రంలోని పరికరాల జాబితా కనిపిస్తుంది. ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ కార్డు అయినచో వ్యవస్థను తాజాపరచుట సాధారణంగా సరిపోతుంది.

ఎన్విడియా కార్డు అయినచో ఉబుంటులో "అదనపు డ్రైవర్లు" అనే విభాగము, లినక్స్ మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తగిన డ్రైవరును సూచిస్తాయి. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ భాండారాన్ని, డెబియన్‌లో నాన్-ఫ్రీ విభాగాన్ని చేర్చుకొనవలెను. పాత కార్డులకు పాత శ్రేణి డ్రైవర్లే పనిచేస్తాయి.

తయారీదారు సైటులోని ఫైలును నేరుగా నడుపుట కొత్తవారికి తగదు. కెర్నెల్ మాడ్యూలు ఏ కెర్నెల్‌కు తయారైనదో దానితోనే పనిచేస్తుంది. పంపిణీ ప్యాకేజీలు కెర్నెల్ మారినపుడు మాడ్యూలును కూడా మార్చుటకు తగిన ఏర్పాటు కలిగి ఉంటాయి. చేతితో స్థాపించిన డ్రైవరుకు అట్టి ఏర్పాటు లేనిచో, కెర్నెల్ తాజాపరచిన తరువాత తెర రాకపోవచ్చును.

సెక్యూర్ బూట్

సెక్యూర్ బూట్ అమలులో ఉన్న యంత్రాలలో సంతకం లేని మాడ్యూళ్ళను కెర్నెల్ తిరస్కరిస్తుంది. అందుచే ఉబుంటు వంటి పంపిణీలు స్థాపన సమయంలో ఒక సంకేతపదాన్ని పెట్టమంటాయి. యంత్రం తిరిగి ప్రారంభమైనపుడు నీలిరంగు తెరపై సంతకపు తాళాన్ని నమోదు చేసే అంశాన్ని ఎంచుకొని, అదే సంకేతపదాన్ని ఇవ్వవలెను. అలా చేయక ముందుకు సాగినచో డ్రైవరు స్థాపితమైనను పనిచేయదు.

తెర నల్లబడినపుడు

డ్రైవరు మార్చిన తరువాత తెర నల్లబడినచో యంత్రం చెడిపోయినదని గాని, ఫైళ్ళు పోయినవని గాని భయపడనవసరం లేదు. డ్రైవరు స్థాపన వాడుకరి ఫైళ్ళను తాకదు. వ్యవస్థనంతా మళ్ళీ స్థాపించబోయి, డిస్కును తుడిచివేయుటయే అసలు ప్రమాదం.

యంత్రం ప్రారంభంలో వచ్చే గ్రబ్ పట్టికలో పాత కెర్నెల్‌ను ఎంచుకొనుట మొదటి ఉపాయం. అది ఫలించనిచో రికవరీ మోడ్‌లో ప్రవేశించి కొత్త డ్రైవరు ప్యాకేజీని తొలగించవచ్చును. కెర్నెల్ ఆదేశ వరుస చివర నోమోడ్‌సెట్ అనే పదాన్ని చేర్చినచో సాధారణంగా ప్రాథమిక తెర లభిస్తుంది. ఈ మార్పు ఆ ఒక్క ప్రారంభానికే వర్తిస్తుంది. డ్రైవరు మార్చుటకు ముందే గ్రబ్ పట్టికను తెరచే విధానం తెలుసుకొని, ముఖ్యమైన ఫైళ్ళ నకలు వేరొక చోట ఉంచుకొనుట మంచిది.