చాకిరేవు నుండి డ్రయర్ దాకా
(మా ఇంటి బట్టల చరిత్ర)



ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం వ్రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. శాసనాలు, రాజవంశాలు గూర్చి వ్రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. నాకు తెలిసినది మా ఇంట్లో బట్టలు ఉతికిన చరిత్ర. దానిని తిరగవేయవలసిన అవసరం కూడా ఈ మధ్యనే కలిగింది.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు వరద విజయవాడలో మా పేటను ముంచింది. అజిత్‌సింగ్ నగర్ వైపు ఉన్న సభ్యులకు నేను ప్రత్యేకంగా చెప్పవలసినది లేదు. కింది వాటాలో ఉండే మేమిద్దరం పై వాటాలో అద్దెకున్న వారింట్లో తలదాచుకున్నాము. నీరు తీసి కిందికి దిగేసరికి బీరువా అడుగు అరల్లోని బట్టలన్నీ బురద పట్టి ఉన్నాయి. వాషింగ్ మెషీన్ పక్కకు ఒరిగి ఉంది. మెకానిక్ వచ్చి చూసి, మోటారూ బోర్డూ రెండూ పోయాయి, బాగుచేయించడం దండగ అన్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు మా ఆవిడ చేత్తోనే ఉతికింది. మోకాలికి ఆపరేషన్ అయిన మనిషి. డాబా మీదికి 36 మెట్లు. ఒకనాటి ఉదయం తడి దుప్పట్ల బకెట్టు మోసుకుపోతూ సగం మెట్ల దగ్గర దించి, గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది. పై వాటా వారి అమ్మాయి వచ్చి చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆ సమయంలో నేను కింద పేపరు చదువుతున్నాను.

ఆ రాత్రి ఫోన్లు మొదలైనాయి. అమెరికాలో ఉన్న మా అబ్బాయి, "ఉతికి, ఆరబెట్టి ఇచ్చే వాషర్ డ్రయర్ కొనండి నాన్నగారూ, డబ్బు నేను పంపుతాను" అన్నాడు. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి, "మనకు ఎండకేం కరువు? మామూలు ఆటోమేటిక్ మెషీన్ చాలు" అన్నది. నాలుగు రోజులు ఈ వాదం నడిచింది. నేను రెండు పక్షాలనూ విని, మన ఉద్యోగ ధర్మం ప్రకారం పాత ఫైలు తీశాను.

రేవు నాటి రోజులు

మాది కృష్ణా డెల్టాలో కాలువ ఒడ్డు పల్లెటూరు. 1950లలో నా చిన్నతనంలో ఇంట్లో ఉతికేవి రోజువారీ చిన్న బట్టలు మాత్రమే. మిగిలినవన్నీ మా ఇంటి చాకలి దంపతులు మూట కట్టుకొని రేవుకు తీసుకుపోయేవారు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు చెరువుకు పోయేవారు. ఆ పనిలో ఉన్న విద్య ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. చౌడు నీళ్ళలో బట్టలు తడిపి, బాన మీద పేర్చి, కింద మంట పెట్టి రాత్రంతా ఉబ్బ వేసేవారు. చౌడులో ఉన్న క్షారం, ఆవిరి వేడి కలిసి మురికిని వదిలించేవి. ఈనాటి యంత్రంలో హీటరూ, సబ్బు పొడీ చేసే పని అదే. తెల్లవారి బండ మీద ఉతికి, జాడించి, నీలిమందు పెట్టి, గంజి వేసి, గట్టు మీద ఆరవేసేవారు. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి రసంతో మూల మీద గుర్తు. ఎన్ని ఉతుకులైనా అది చెరిగేది కాదు.

ఇంత పనికీ ప్రతిఫలం కళ్ళం దగ్గర కొలిచే ధాన్యం, రాత్రి పూట ఇంటింటా అడిగి తీసుకువెళ్ళే అన్నం. తెలంగాణ పల్లెల్లో దొరల ఇళ్ళకు ఆ మాత్రం కూడా లేకుండా వెట్టిగా ఉతకవలసి వచ్చిన రోజులున్నాయి. పాలకుర్తి చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటనూ, భూమినీ నిలబెట్టుకున్నది 1940లలో. ఆమె 1985లో కన్నుమూసింది. మన తెల్లని పంచెల వెనుక ఎవరి నడుములు వంగినాయో చెప్పకుండా బట్టల చరిత్ర వ్రాస్తే అది సగం చరిత్రే అవుతుంది.

ఆ తర్వాత మార్పు సబ్బుతో వచ్చింది. ఇంగ్లండులో తయారైన సన్‌లైట్ సబ్బు పెట్టెలు 1888లోనే కలకత్తా రేవులో దిగినా, మా వంటి ఇళ్ళకు సబ్బు బిళ్ళ రోజువారీ వస్తువు కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1959లో సర్ఫ్ వచ్చింది. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా మొదలుపెట్టాడు. ఆ పసుపు పొడి చౌకగా ప్రతి ఇంటికీ చేరింది. టెరిలీన్, నైలాన్ గుడ్డలకు ఉబ్బ అక్కరలేదు, గంజి అక్కరలేదు. బదిలీల మీద తిరిగే మన వంటి ఉద్యోగుల ఇళ్ళలో చాకలి పద్దు పుస్తకం మూలపడింది. పని రేవు నుండి ఇంటి పెరట్లోకి వచ్చింది. రేవులో ఆ పని భార్యాభర్తలిద్దరూ కలిసి చేసేవారు. పెరట్లోకి వచ్చాక అది ఇల్లాలి ఒక్కదానికే మిగిలింది. అప్పుడు మనలో ఎవరమూ దీనిని గమనించలేదు.

యంత్రం పుట్టుక

పడమటి దేశాలలో ఈ పనికి యంత్రం చేయాలన్న ఆలోచన పాతదే. జర్మనీలోని రెగెన్స్‌బర్గ్‌లో మతాచార్యుడూ, ప్రకృతి శాస్త్రజ్ఞుడూ అయిన యాకోబ్ క్రిస్టియన్ షేఫర్ 1767లో ఒక ఉతికే యంత్రం నమూనా ప్రచురించాడు. 1782లో ఇంగ్లండులో హెన్రీ సిడ్జియర్ తిరిగే పీపా వంటి యంత్రానికి పేటెంటు పొందాడు. అవన్నీ చేత్తో తిప్పేవి. కరెంటు మోటారుతో నడిచే యంత్రాలు 1908 ప్రాంతంలో అమెరికాలోని చికాగో నుండి బజారుకు వచ్చాయి. వాటిలో బట్టలు పిండడానికి రెండు రోలర్లుండేవి. చెరకు గానుగలో పెట్టినట్లు బట్టను వాటి మధ్యకు అందించాలి. వేళ్ళు నలిగిన వారూ చాలామందే. తనంతట తాను ఉతికి, జాడించి, గిర్రున తిరిగి నీరు వదలగొట్టే ఇంటి యంత్రాన్ని 1937లో అమెరికాలో బెండిక్స్ వారు తెచ్చారు. అది తిరిగేటప్పుడు అదిరిపోయి కదలకుండా నేలకు బోల్టులతో బిగించవలసి వచ్చేది.

ఆరబెట్టే యంత్రం కథ వేరుగా నడిచింది. పొయ్యి వేడి మీద బట్టలు ఆర్చే పరికరానికి జార్జ్ శాంప్సన్ 1892లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. కరెంటు డ్రయర్లు 1938 నుండి అక్కడ అమ్మకానికి వచ్చాయి. చలికాలంలో ఆరవేసిన బట్ట గడ్డకట్టి బిర్రబిగిసే ప్రాంతాల వారికి అది కావలసిందే. ఉతకడం, ఆర్చడం రెండూ ఒకే డ్రమ్ములో జరిగే వాషర్ డ్రయర్లు 1950లలో వచ్చాయి. అంటే మా అబ్బాయి చెప్పిన కొత్త వస్తువు వయస్సు సుమారు మన వయస్సే!

ఈ యంత్రాల మంచి చెడ్డలు ఇద్దరు మేధావులు చెప్పారు. స్వీడన్ వైద్యుడు హాన్స్ రోస్లింగ్ 2010లో ఒక ప్రసంగంలో, తమ ఇంటికి మొదటి వాషింగ్ మెషీన్ వచ్చిననాడు తన నాయనమ్మ దాని ముందు కూర్చుని పని పూర్తయ్యేదాకా చూస్తూ ఉండిపోయిందని చెప్పాడు. మిగిలిన సమయంలో వాళ్ళ అమ్మ అతనిని గ్రంథాలయానికి తీసుకుపోయిందట. అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో వెలువరించిన గ్రంథంలో మరొక సంగతి చూపింది. యంత్రాలు వచ్చినా ఇల్లాలి పనిగంటలు తగ్గలేదు. శుభ్రత పట్టింపు పెరిగింది, బయటివారూ ఇంట్లో మిగతావారూ చేసే పని ఆమె మీద పడింది. మా ఇంటి సంగతి చూస్తే ఇద్దరి మాటా నిజమే అనిపించింది.

"డ్రయర్" అనే మాట

1994లో ఉద్యోగుల సహకార పరపతి సంఘంలో అప్పు తీసుకొని మా ఇంటికి మొదటి మెషీన్ తెచ్చాను. రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్. ఒక తొట్టిలో ఉతుకుతుంది, రెండవ తొట్టిని అందరూ "డ్రయర్" అనేవారు. దుకాణంలో అదే మాట, టీవీ ప్రకటనల్లో అదే మాట. నిజానికి అది ఆరబెట్టదు. వేగంగా తిరిగి నీటిని విసిరివేస్తుంది, అంతే. పిండే పని అది చేస్తుంది, ఆరవేసే పని ఇంకా మనదే. ముప్ఫై ఏళ్ళు మా ఇంట్లో "డ్రయర్ ఉంది కదా" అనుకుంటూనే ఉన్నాము, మా ఆవిడ మెట్లెక్కుతూనే ఉన్నది.

మన సభ్యులు కొందరు ఇప్పటికీ ఇక్కడే పొరబడతారు. తిప్పి నీరు తీయడం వేరు, వేడిగాలితో ఆర్చడం వేరు. లెక్క చూడండి. బాగా తిప్పిన తర్వాత కూడా 5 కిలోల నూలు బట్టల్లో రెండున్నర, మూడు లీటర్ల నీరు మిగులుతుంది. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.63 యూనిట్ల వేడి కావాలి. అంటే లెక్క ప్రకారమే దగ్గర దగ్గర రెండు యూనిట్లు. మామూలు హీటరు రకంలో నష్టాలతో కలిపి మూడు, నాలుగు అవుతుంది. సమయం రెండు మూడు గంటలు. వేడిని తిరిగి వాడుకొనే హీట్ పంపు రకాలు కరెంటు తక్కువ తింటాయి గాని ధర ఎక్కువ. వాషర్ డ్రయర్లలో చాలా రకాలు ఆవిరిని చల్లార్చడానికి మళ్ళీ కుళాయి నీరు కూడా వాడుకుంటాయి.

ఇంకొక చిక్కు. 8 కిలోలు ఉతికే వాషర్ డ్రయర్ సాధారణంగా 5 కిలోలే ఆర్చుతుంది. ఆరేటప్పుడు బట్ట దొర్లడానికీ, గాలి ఆడడానికీ డ్రమ్ములో చోటు కావాలి. కాబట్టి నిండా వేసి ఉతికితే మధ్యలో ఆపి కొన్ని బట్టలు తీయవలసిందే. పట్టు చీరలూ, జరీ బట్టలూ అందులో ఆర్చకూడదు. నూలు బట్టలు కొంత కుంచించుకుపోవచ్చు.

మేము 2015లో అమెరికా వెళ్ళినప్పుడు మా అబ్బాయి ఉండే కాలనీలో ఎక్కడా దండెం కనిపించలేదు. కొన్ని కాలనీల్లో బయట బట్టలు ఆరవేయడం నిషేధమట. ఆ హక్కు కాపాడడానికి ఫ్లోరిడా వంటి రాష్ట్రాలలో చట్టాలే ఉన్నాయట. అటువంటి చోట ఉన్నవాడు డ్రయర్ కొనమనడంలో వింత లేదు. అలాగే ఎండ ఉన్న ఊళ్ళో పెరిగి, బకెట్టు మోయని నేను డ్రయర్ దండగ అనడంలోనూ వింత లేదు.

తీర్పు

ఈ ఫైలంతా చదివి ఒక సాయంత్రం మా ఆవిడకు వినిపించాను. ఓపికగా విన్నది. విని, "ఏ మెషీనైనా కొనండి. ఈ నాలుగు రోజులూ మీరందరూ మాట్లాడుకున్నారు గాని, ఆ మెట్లు ఎవరెక్కుతారో ఒక్కరూ అనలేదు" అన్నది.

పాత ఫైలంతటిలోనూ లేని ప్రశ్న అది. ఉతకడం యంత్రానికి పోయింది, పిండడం యంత్రానికి పోయింది. ఎండ ఉచితం అనుకున్నాము గనుక, ఎండ దాకా మోసిన చేతులను ఏనాడూ లెక్కలో వేయలేదు. వరద రాకపోతే, సగం మెట్ల మీద ఆమె కూర్చుండిపోకపోతే, నేనూ లెక్క వేసేవాడిని కాను.

కొనబోయే సభ్యులకు నాకు తోచినది చెబుతాను. డాబా గాని, గాలి ఆడే బాల్కనీ గాని లేని ఫ్లాటులో ఉన్నవారు, పసిబిడ్డలున్నవారు, ఇద్దరూ ఉద్యోగాలకు పోయే పిల్లలు, మంచం పట్టిన పెద్దలున్న ఇళ్ళవారు వాషర్ డ్రయర్ కొనడం విలాసం కాదు. ముసురు రోజుల్లో అది ఆదుకుంటుంది. అయితే ధర తేడా, కరెంటు, సగం బట్టలే ఆర్చే సంగతి తెలిసి కొనాలి. ఎండా గాలీ ఉన్న ఇంటివారికి నిమిషానికి 1200, 1400 చుట్లు తిరిగే ఫ్రంట్ లోడ్ మెషీన్ చాలు. చుట్లు ఎక్కువైతే బట్టలో నీరు తగ్గుతుంది, మోసే బరువూ తగ్గుతుంది. దానితో పాటు ఒక మడత స్టాండు కొనాలి. ఏది కొన్నా, వరద భయం ఉన్న పేటలో మెషీన్‌ను కింది వాటాలో నేల మీద పెట్టకండి.

మేము మామూలు ఫ్రంట్ లోడ్ మెషీనే కొన్నాము. దానిని డాబా మీద మెట్ల గది పక్కన పెట్టించి, కుళాయి, ప్లగ్గు ఏర్పాటు చేయించాము. మడత స్టాండు కూడా ఆ గదిలోనే, ముసురు రోజుల కోసం. మెట్లెక్కేది నేను. మొదటి నెలలో మా ఆవిడ జాకెట్లు తిరగవేయకుండా ఆరవేసి రంగు వెలిసేటట్లు చేశానని చీవాట్లు తిన్నాను. ఇప్పుడు పంచె అంచు పట్టుకొని ఒక్క విదుపు విదిపి, ముడత లేకుండా దండెం మీద వేయడం వచ్చింది. డెబ్బై దాటాక నేర్చుకున్న విద్య. నిరుడు వానాకాలంలో మూడు రోజులు ముసురు పట్టినప్పుడు మా అబ్బాయి ఫోన్ చేసి, "ఇప్పటికైనా డ్రయర్ పంపమంటారా?" అన్నాడు. మా ఆవిడ ఫోన్ తీసుకొని, "మా ఇంట్లో ఉన్నదిరా, పేపరు చదువుతున్నది, వాన తగ్గగానే పైకి పంపిస్తాను" అన్నది.