కారాగారమున అక్షరోపాసన

ఉదయమున రేడియోలో భక్తిరంజని విను అలవాటు గల గృహములలో రామదాసు కీర్తన నెరుగనివారు ఉండరు. వంటయింటిలో పొయ్యి వెలిగించుచు గృహిణియు, పడకకుర్చీలో కాఫీకై ఎదురుచూచుచు యజమానియు ఆ పాట విందురు. పిల్లలు పాఠము ప్రక్కకు నెట్టి పల్లవి నందుకొందురు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు విజయవాడ ఆకాశవాణి కేంద్రమున పనిచేసిన దినములలో ఆ కీర్తనలకు క్రొత్త ప్రాణము పోసిరి. ఇంత హాయిగా వినుచున్న ఈ పాటలలో కొన్ని సంకెళ్ళ చప్పుడు నడుమ పుట్టినవను సంగతి మాత్రము ఆ వేళ మనకు స్ఫురింపదు.

మనసునకు గాయమైనప్పుడు పుస్తకమో, పాటయో, బొమ్మయో మందు వలె పనిచేయునని పెద్దలందురు. ఆ మాట ఎంతవరకు నిజము? తీరిక గలవారు చెప్పుకొను తియ్యని మాటయేనా? దీనిని తర్కముతో తేల్చుటకంటె చరిత్రను అడిగి చూచుట మేలని మాకు తోచినది. అడుగవలసిన చోటు చెరసాల. అక్కడ ఇల్లు లేదు, ఆలుబిడ్డలు లేరు, కాలము గడచుటయే గగనము. అట్టి చోట అక్షరము మనిషికి ఏమి చేసినదో చూచినచో, తక్కిన చోట్ల ఏమి చేయగలదో ఊహించుకొనవచ్చును. అదృష్టముననో దురదృష్టముననో, తెలుగువారి చరిత్రలో ఇట్టి సాక్ష్యములకు కొదువ లేదు.

మొదటి సాక్షి కంచెర్ల గోపన్న. నేలకొండపల్లి వాస్తవ్యుడు, గోలకొండ ప్రభువైన అబుల్ హసన్ తానీషా కొలువున పాల్వంచ పరగణాకు తహశీలుదారు. అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. సర్కారు పైకము భద్రాచల రామాలయమునకు వెచ్చించెనను నేరముపై గోలకొండ కోటలో బందీ యయ్యెను. పండ్రెండేండ్లు చెరలో నుండెనని సంప్రదాయము చెప్పుచున్నది. తానీషా గద్దె నెక్కినది 1672లో. ఔరంగజేబు సేనలకు కోట లోబడినది 1687లో. ప్రభువు ఏలిన కాలమే పదునైదేండ్లు. అందు పండ్రెండేండ్లు ఒక ఉద్యోగి చెరలోనే గడచినదన్నచో చరిత్రకారుడు కొంచెము ఆగి లెక్క సరిచూచుకొనక తప్పదు. మేనమామలు మంత్రిపదవిలో నుండగా మేనల్లుడు నేలమాళిగలో ఎట్లు మగ్గెనో అదియు చిక్కు ప్రశ్నయే. అయినను గోపన్న చెర వట్టి కల్పన కాదు. సుమారు శతాబ్దము తరువాత కావేరీ తీరమున త్యాగరాజస్వామి తన కీర్తనలలో రామదాసు బంధవిమోచనమును భక్తితో స్మరించెను. వార్తాపత్రికలు లేని ఆ కాలమున ఒక తహశీలుదారు కష్టము అంత దూరము నడచిపోయినదనిన, దానిని మోసికొనిపోయినది పాటయే గదా!

ఆ పాటలను భక్తి దృష్టితో విన్నవారు అనేకులు. వానిని ఒక బందీ మనస్సుగా విని చూడుడని మా మనవి. మొదట ప్రార్థన. ప్రార్థనకు ఫలము కానరాదు. అంతట సీతమ్మను సిఫారసు చేయుమని వేడుకొనుట. పిదప కోపము వచ్చును. సామాన్యమైన కోపము కాదు, తహశీలుదారు కోపము. ఎవరికి ఏ నగ చేయించితినో, దానికెంత వ్యయమైనదో పద్దు చదివినట్లు చదివి, ఈ సొమ్ము నీ తండ్రి ఇచ్చెనా, నీ మామ ఇచ్చెనా యని దేవునినే నిలదీయును. లెక్కలు వ్రాసి వ్రాసి అలవాటుపడిన చేయి, చెరలోను పద్దు మరువలేదు! ఆ కోపము పూర్తిగా వెలువడిన తరువాతనే దెబ్బలకు ఓర్వలేక నోరు జారితినని పశ్చాత్తాపము. ఈ క్రమమును గమనింపవలెను. కోపమును మ్రింగుకొని శాంతమును నటించియున్నచో ఆయన ఏమయ్యెడివాడో చెప్పజాలము. పాట ఆయన కోపమునకు దారి ఇచ్చినది. తాళమున్నది గనుక ఆ కోపము దారి తప్పలేదు.

గోలకొండలో రామదాసు చెర అని చూపు గదికి మేమును పోయి చూచితిమి. వెలుతురు పైనుండి సన్నగా పడును. గోడపై సీతారామలక్ష్మణుల రూపములు, ఆంజనేయుని రూపము చెక్కియున్నవి. అవి గోపన్న చేతి పనియేనని జనవాక్యము. చెక్కినవాడు శిల్పి కాడని చూడగనే తెలియును. ఆ గీతలలో నైపుణ్యము లేదు. ఓర్పు మాత్రము కలదు. మాతో వచ్చిన బాలుడొకడు “ఇంత గట్టి రాతిని దేనితో చెక్కినాడండీ?” అని అడిగెను. మాయొద్ద జవాబు లేకపోయినది.

ఇక మన కాలమునకు దగ్గరగా వత్తము. 1908లో బెజవాడ నుండి “స్వరాజ్య” పత్రికను నడపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, తిరునల్వేలి కాల్పులను గర్హించుచు వచ్చిన వ్యాసమునకు గాను రాజద్రోహ నేరముపై శిక్షింపబడిరి. ఎం.ఏ. పట్టభద్రుడు, వయస్సు ఇరువదియైదు, శిక్ష మూడేండ్లు. రాజకీయ ఖైదీలకు వేరు మర్యాదలు ఏర్పడని దినములవి. దొంగలతోను బందిపోట్లతోను సమముగా వారిని రాయవేలూరు చెరలో నుంచిరి. వారు అచ్చట ఏ కావ్యమును వ్రాయలేదు. కాని విడుదలైన పిదప వారి జీవితము పోయిన దారిని చూడుడు. 1914లో బెజవాడయందు వెలసిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు వారు మూలస్తంభములలో ఒకరైరి; అక్షరము రాని పెద్దలకు చదువు చెప్పు వయోజన విద్యయే వారి వ్రతమైనది. 1960లో కన్నుమూయువరకు ఆ వ్రతము విడువలేదు. చదువుకొన్న ఒక్కడు చదువు లేని వందలమంది నడుమ మూడేండ్లుండినచో, బయటికి వచ్చి గ్రంథాలయములు స్థాపించుటలో వింత లేదని మా ఊహ. ఊహయే, వారు అట్లు చెప్పినట్లు మేము వ్రాయుట లేదు.

అదే రాయవేలూరు చెరకు మరి కొన్నేండ్లకు వచ్చినవారు ఉన్నవ లక్ష్మీనారాయణగారు. ఐర్లండులో న్యాయశాస్త్రము చదివి బారిష్టరైనవారు. భార్య లక్ష్మీబాయమ్మగారితో కలసి గుంటూరున వితంతువులకు ఆశ్రయమును, స్త్రీ విద్యకు శారదానికేతనమును నెలకొల్పినవారు. 1921 నాటి పల్నాటి పుల్లరి సత్యాగ్రహమున పాల్గొని శిక్షితులైరి. ఆ నిర్బంధములో, నలుబదియైదేండ్ల వయస్సున, 1922లో వారు వ్రాసిన నవలయే “మాలపల్లి”.

ఈ గ్రంథమును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. ఇల్లు, వృత్తి, తాను నడపుచున్న సంస్థలు అన్నియు గోడకు అవతలనే నిలిచిపోయిన మనిషి తన గోడు వ్రాసికొనుట సహజము. లక్ష్మీనారాయణగారు వ్రాసినది మాలపల్లెలోని ఒక కుటుంబము గోడు. ముసలి తండ్రి వేదాంతి; కుమారుడు సంగదాసు భూస్వామి చౌదరయ్య చేతిలో ప్రాణము కోల్పోవును; మరియొక కుమారుడు వెంకటదాసు ధనికులను దోచి పేదలకు పంచు దారి పట్టును. కథలో చెరసాల జీవితము విస్తారముగా వచ్చును. అందలి తిండి, పని, అధికారుల తీరు వ్రాయుటకు గ్రంథకర్త దూరము పోనక్కరలేకపోయినది. భాషయు గ్రంథాలయములలోనిది కాదు, గుంటూరు సీమ పల్లెలలో వినబడునది. ఆ ముసలి తండ్రికి పెట్టిన పేరు రామదాసు! గోలకొండ బందీని తలచియే పెట్టిరో, పల్లెలలో సాధారణమైన పేరని పెట్టిరో గాని, చెరలో కూర్చుండి ఆ పేరు వ్రాసినప్పుడు వారి కలము ఒక క్షణము ఆగియుండునని మాకు అనిపించును.

గ్రంథకర్త విడుదలైరి గాని గ్రంథము చెరపడినది. 1923లో మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. కొన్ని భాగములు తొలగించిన మీదట 1928లో మరల వెలుగు చూచెను. నిర్బంధము పూర్తిగా తొలగుటకు 1937లో రాజాజీ మంత్రివర్గము రావలసి వచ్చినది. బందీకి శిక్ష ఒక ఏడు, పుస్తకమునకు పదునాలుగేండ్లు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దీనికి పీఠిక వ్రాసి ఆదరించిరి.

అక్షరము అన్ని గాయములను మాన్పునని చెప్పినచో మేము అసత్యమాడినవారమగుదుము. గరిమెళ్ళ సత్యనారాయణగారు తెల్లదొరల పాలన మాకు వలదని పాట కట్టి, 1922లో చెరకు పోయిరి. విడుదలై మరల పాడి, మరల పోయిరి. ఆ పాట ఊరూర జనమునకు గుండెబలమైనది. ఆయనకో? 1952లో మద్రాసులో కడు పేదరికమున మరణించిరి. పాడుకొన్న జనము కవి కడుపును గూర్చి అడుగలేదు. ఈ లెక్క ఇంకను తీరలేదు.

ఇంకొక వైపు, పుస్తకములతో నిండిన చెరలును కలవు. 1942 మొదలు 1945 వరకు అహమదునగరు కోటలో దేశనాయకులను ఉంచినప్పుడు నెహ్రూగారు తమ భారతదేశ దర్శనమును, ఆజాదుగారు ఉర్దూ లేఖలను వ్రాసిన సంగతి జగద్విదితము. ఆ కోటలోనే మచిలీపట్టణమున వైద్యవృత్తి నడపిన పట్టాభి సీతారామయ్యగారును ఉండిరి. దినచర్య వంటి ఒక ఆంగ్ల గ్రంథమును వ్రాసికొనిరి. డాక్టరుగారు తమకు తాము వ్రాసికొన్న మందుచీటి అదియే కాబోలు. కాగితము, కలము, సాటి పండితులు గల ఆ చెరకును, గోపన్న గదికిని పోలిక లేదు గనుక దానిని ఇంతటితో విడుతము.

కాగితము లేని చెర కథ నిజామాబాదులో జరిగినది. ఇందు ఇద్దరున్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ సీమ మాదారమున పుట్టిరి. చిన్ననాటనే తండ్రి పోగా, ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేసిపెట్టి, బదులుగా చదువు నేర్చుకొనిరి. విజయవాడలో హోటలున సర్వరుగా పనిచేసిరి. నిజాము రాజ్యమున తెలుగు బడులే అరుదైన ఆ దినములలో, 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, అచ్చువేసిన పుస్తకములను తామే మోసికొనిపోయి ఇంటింట అమ్మిరి. దేశోద్ధారకుడని పేరొందిన నాగేశ్వరరావు పంతులుగారు గతించిన సంవత్సరమది. “మాలపల్లి”కి పీఠిక వ్రాసినవారి బిరుదమే ఈ గ్రంథమాలకు పేరైనది. రెండవవారు దాశరథి కృష్ణమాచార్యులు, పదేండ్లు చిన్నవారు. నిజాము ప్రభుత్వము నెదిరించినందుకు ఇరువురును చెరపాలై, నిజామాబాదు ఖిల్లా జైలులో ఒకచోట చేరిరి.

దాశరథిగారికి పద్యము వచ్చుచున్నది. వ్రాయుటకు ఏమియు లేదు. పండ్లు తోముకొనుటకు బొగ్గు ఇచ్చెడివారు. ఆ బొగ్గుతో గోడమీద నిజామును ధిక్కరించుచు పద్యము వ్రాసిరి. ఇరువదిమూడేండ్లు నిండని యువకుడు, బొగ్గుముక్క, తెల్లని గోడ. బయట రజాకార్ల భీభత్సము. రేపు ఏమగునో తెలియని ఆ స్థితిలో వ్రాయుటవలన ఆయనకు ప్రాణరక్షణ కలుగలేదు సరికదా, ప్రమాదము పెరిగినది. అయినను వ్రాసిరి. ఇదియు ఒక చికిత్సయే యనిన కొందరు నవ్వవచ్చును. భయము మనిషిని లోపలినుండి తినివేయు వ్యాధి. దానికి విరుగుడు ఆ యువకునికి బొగ్గులో దొరకినది.

ఆళ్వారుస్వామిగారి చూపు వేరొక దిక్కునకు పోయినది. వారు చుట్టునున్న ఖైదీలను చూచిరి: రాజకీయములు ఎరుగనివారు, దొంగతనముననో హత్యకో లోపలికి వచ్చినవారు, ఎవరును కథగా వ్రాయదగినవారని తలపనివారు. వారితో మాటలాడి, వారు ఎట్లు అచ్చటికి చేరిరో తెలిసికొని, ఆ అనుభవములతో “జైలు లోపల” అను కథల సంపుటమును వెలువరించిరి. అందు ఖైదీ దుర్మార్గుడు కాడు, దేవుడును కాడు. మన వీధిలో మనము పలుకరింపక విడిచిన మనిషి. వంటపని చేసి అక్షరములు సంపాదించినవాడు గనుక, అవకాశము దొరకనివాని గతి ఏమగునో ఆయనకు వేరుగా చెప్పనక్కరలేదు. నవలలును వ్రాసిరి, “ప్రజల మనిషి” తెలంగాణ జీవితమును చిత్రించిన తొలి నవలగా పేరొందినది. 1961లో నలుబదియారవ ఏట అకస్మాత్తుగా మరణించిరి.

దాశరథిగారు తరువాత ఆకాశవాణిలో చేరి కొన్ని సంవత్సరములు పనిచేసిరి. వారి గొంతును రేడియోలో విన్న శ్రోతలు నేటికిని ఉందురు. 1949లో వారి తొలి కవితాసంపుటి “అగ్నిధార” అచ్చైనది. దానిని ఏ జమీందారుకును, ఏ మంత్రికిని అంకితమీయలేదు. నిజామాబాదు చెరలో తనతో గోడలు పంచుకొన్న ఆళ్వారుస్వామికి, ఆ పుస్తకములమ్ముకొనువానికి, ఇచ్చిరి.