పెరటికోళ్లు: పుంజు, పిల్ల కాదగిన గుడ్డు

గుడ్డు పెట్టుటకు పెట్టకు పుంజుతో పనిలేదు. ఆ గుడ్డు పిల్ల కావలయునన్నచో మాత్రమే పుంజు కావలయును. నెల్లూరునుండి మైపాడు సముద్రతీరమునకు పోవు దారిలో, పెన్నా డెల్టా వరిచేల నడుమనున్న ఇందుకూరుపేట వంటిచోట, నూకలతోను, తవుడుతోను, కళ్లమున రాలిన గింజలతోను నాటుకోళ్లను సాకుచు, తన పెట్టచేతనే గుడ్లను పొదిగించుకొను గృహిణికి ఈ భేదము మిక్కిలి ముఖ్యమైనది.

అండాశయమునుండి పచ్చసొన విడివడిన కొలది నిమిషములలోనే ఫలదీకరణము జరుగవలెను. తరువాత తెల్లసొనయు, పొరలును, పెంకును ఏర్పడి గుడ్డు వెలువడుటకు సుమారు 25 గంటలు పట్టును. పెట్ట దేహమున వీర్యకణములను నిలువయుంచు సూక్ష్మనాళికలుండుటచే, పుంజు దూరమైన పిదపను రమారమి రెండు వారములు ఫలించిన గుడ్లు వచ్చుచుండును. కావున క్రొత్త పుంజు సంతతియే కావలయునని కోరువారు మూడు వారములు వేచియుండుట మేలు. గుడ్డు పగులగొట్టినపుడు పచ్చసొనపై కనబడు తెల్లని చుక్క, ఫలింపనిదైన చిన్నదై అంచులు తీరులేక యుండును. ఫలించినదైన నడుమ తేటయై చుట్టును వలయము తీర్చినట్లుండును. అపుడపుడు కానవచ్చు నెత్తుటిచుక్క ఇందుకు గుర్తు కాదు. ఆహారముగా ఈ రెండు గుడ్లకును చెప్పదగిన భేదము లేదు.

భేదమంతయు నిలువయందే. ఫలించిన గుడ్డులో, పెట్టబడునాటికే పిండము వేలకొలది కణములుగా విభజింపబడియుండి, చల్లదనమున నిద్రించుచు, సుమారు 27 డిగ్రీల సెల్సియస్ మించిన వేడిమి తగిలినంతనే మెల్లమెల్లగా పెరుగనారంభించి, పొదుగునకు వలయు 37.5 డిగ్రీల నిలుకడ వేడిమి దొరకక నశించును. ఎండలు 40 డిగ్రీలు దాటు నెల్లూరు వేసవిలో ఇంటిలోనే యుంచిన గుడ్లు మురిగిపోవుటకు ఇదియే ముఖ్యకారణము. కనుక పొదిగింపదలంపని వారు వేసవిలో పుంజును వేరుచేయుటయే ఉత్తమమని మా నిశ్చితాభిప్రాయము. పొదిగింపదలచినవారు తడియిసుకపై నిలిపిన కుండలో, సన్ననికొన క్రిందుగా గుడ్ల నుంచి, వేసవిలో మూడునాలుగు దినములలో, చలికాలమున వారములోపల పెట్టక్రింద వేయవలెను. ఏడవనాటి రాత్రి దీపమునకు అడ్డుపెట్టి చూచి, నెత్తుటినరములు కానరాని గుడ్లను తీసివేయవలెను. తక్కినవి 21వ దినమున పిల్లలగును. ఈ తీరమున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యఋతుపవనపు వానలును తుపానులును పిల్లలకు గండములు గాన, సంక్రాంతి వెళ్లిన పిదప పొదుగు వేయుట క్షేమము.

ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలును. పుంజులు అంతకు మించినచో పెట్టల వీపుల ఈకలు ఊడి పుండ్లుపడును. గద్ద కనబడగానే ఒకవిధముగను, నేలపై శత్రువు వచ్చినపుడు మరియొకవిధముగను కూయుచు హెచ్చరించు పుంజు మందకు రక్షకుడు కూడ. అయినను ఒకే పుంజు ఏండ్లతరబడి నిలిచినచో తన కూతుళ్లతోనే కలిసి వంశము క్షీణించును. కావున పుంజును మార్చుచుండవలెను. అట్లు మార్చునపుడు వనరాజ పుంజును తెచ్చినచో, హైదరాబాదు రాజేంద్రనగరమందలి కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన ఆ కోడి సంకరజాతి గాన, దాని పిల్లలలో తల్లిదండ్రుల గుణములు స్థిరముగా నిలువవు.

పొరుగూరినుండి తెచ్చిన పుంజును కొన్ని వారములు వేరుగా కట్టివేసి, కొక్కెర తెగులునకు టీకా వేయించిన పిదపనే మందలో విడువవలెను. 2024 ఫిబ్రవరిలో ఈ నెల్లూరు జిల్లాలోనే చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బ గ్రామములయందు పక్షిజ్వరము బయటపడినందున వేరుగా నుంచు ఈ జాగ్రత్త మరింత ఆవశ్యకము.